గుల్జార్‌బీ వేయని సీలు

పెళ్ళికొడుకు అరటికాయల లారీలోంచి దిగాడన్న మాట పులివెందులలో పుట్టింది. జమ్మలమడుగు చేరేసరికి దానికి ఉప్పూకారం పట్టాయి. ప్రొద్దుటూరుకు వచ్చేసరికి ఆ నేరం మొత్తం గుల్జార్‌బీ నెత్తిన పడింది.

జరిగింది ఇది. జమ్మలమడుగు ఓబుళరెడ్డికి ఒక పాత టూరిస్టు బస్సు ఉంది. పెళ్ళిళ్ళకూ, శ్రీశైలం మొక్కులకూ బాడుగకు తిప్పుతుంటాడు. మగపెళ్ళివారిని ఎక్కించుకుని పులివెందులకు పోతూ ఆ బస్సు ముద్దనూరు దాటాక నల్లటి పొగ కక్కి, కడుపులో ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకలాడి, నడిఎండలో రోడ్డు పక్కన నిలబడిపోయింది. ముసలివాళ్ళు తుమ్మచెట్ల కింద కొంగులు కప్పుకుని కూర్చున్నారు. ముహూర్తం మించిపోతోందని, సరుకు దించి ఖాళీగా తిరిగి వస్తున్న అరటికాయల లారీని ఆపి, ఎండిన ఆకుల మధ్య పెళ్ళికొడుకును నిలబెట్టి పంపారు. పట్టుపంచెకు అంటిన అరటి జిగురు మరి పోలేదట.

పులివెందుల మెకానిక్ నాగేంద్ర బస్సును తాడు కట్టించి షెడ్డుకు లాక్కుపోయి ఇంజన్ విప్పాడు. పిస్టన్ నెత్తి కరిగి బెజ్జం పడి ఉంది. డీజిల్ మోతాదుకు మించి పోస్తే పిస్టన్ కరుగుతుంది. మోతాదు చూసి పోసేది పంపు. ఆ పంపును సరిచేసి సీలు వేసింది ప్రొద్దుటూరు గుల్జార్‌బీ. సీలు తెగలేదు, చెదరలేదు. ఇక నేరం ఎవరిదో తేల్చడానికి పంచాయితీ ఎందుకు?

ఓబుళరెడ్డికి కూడా అక్కర్లేకపోయింది. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, పానా పట్టుకున్న ఆడమనిషని ఊరంతా మెచ్చుకుంటాంటే నేనూ నమ్మితి. నాది బుద్ధితక్కువ. పెండ్లిలో నా మొగం యాడ పెట్టుకోవాల? వచ్చి నీ సీలు నువ్వే చూసుకో. ఆ పైన నీ పంపుల అంగడి సంగతి నేను చూస్తా."

"నేను మోతాదుకు పెట్టిన రెడ్డన్నా. నా మిషన్ మీద ఎక్కించి, చూసి, సీలేసిన."

"మరి పిస్టన్‌కు బెజ్జం యాట్నుంచి వొచ్చె? ఎలుకలు కొరికినాయా?"

ఫోన్ పెట్టేసినా ఆమె చెవి మంట తగ్గలేదు. పంపు చెడిందంటే ఆమె ఓర్చుకునేది. సామాను అన్నాక చెడుతుంది. చెయ్యి తప్పిందనడమే ఆమె ఓర్చుకోలేకపోయింది.

ఆ సీలు కథ కొంచెం చెప్పాలి. పంపులో డీజిల్ ఎక్కువతక్కువలు చేసే మర ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ తిప్పకుండా సన్నటి తీగ కట్టి, తీగ కొసకు సీసపు బిళ్ళ గుచ్చి, అచ్చు ఉన్న పటకారుతో నొక్కుతారు. అదే సీలు. మర తిప్పాలంటే తీగ తెంపాలి. తెంపితే తెలిసిపోతుంది. ఎందుకింత కట్టుదిట్టం అంటే, వెనక నల్లటి పొగ లేస్తే తప్ప బండికి బలం లేదని ఈ చుట్టుపక్కల డ్రైవర్లకు ఏ మహానుభావుడు నూరిపోశాడో గానీ, ఆ పిచ్చి వాళ్ళకు ఇంతవరకు వదల్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బస్సు కాస్త మూలిగితే చాలు, "పంపు పెంచు" అంటారు. పెంచితే రెండు రోజులు గుర్రంలా పరుగెత్తుతుంది. ఆ తర్వాత ఇంజన్ లోపల నిప్పులకొలిమి. ఇంజన్ కాలాక మాత్రం పెంచమన్నవాడు కనపడడు.

గుల్జార్‌బీ భర్త మొయిన్ ప్రొద్దుటూరులో ఆ అంగడి పెట్టినప్పుడు అచ్చు మీద తన పేరులోని 'మొ' చెక్కించుకున్నాడు. కువైట్‌కు పోయే ముందు భార్యకు పని నేర్పాడు. తాను వచ్చేదాకా అంగడి తలుపు మూతపడకుండా ఉంటే చాలుననుకున్నాడు. ఆమె తలుపు ఒక్కటే కాపాడలేదు. మొదట్లో పంపు తెచ్చినవాళ్ళు "మనిషెవరూ లేరా?" అని ఆమెనే అడిగేవాళ్ళు. తర్వాత ఎర్రగుంట్ల సిమెంటు లారీలు వరస కట్టాయి. రాజుపాలెం ట్రాక్టర్లు వచ్చాయి. పాత బండి అమ్మేవాడు "గుల్జార్‌బీ సీలు ఉంది, చూసుకో" అని బేరం పెంచుకునేదాకా వచ్చింది. పంపును మిషన్ మీద బిగించి, గాజు గొట్టాల్లోకి దిగే డీజిల్ అన్నింటిలో ఒకే ఎత్తుకు వచ్చేదాకా ఆమె లేవదు. బతిమాలినా, బెదిరించినా ఒక చుక్క ఎక్కువ పెట్టదు. ఆ చుక్క పెట్టదన్న నమ్మకమే ఆమె అంగడి. అది పోతే మిగిలేది నాలుగు గోడలు, ఒక మిషన్.

మొయిన్ ఇప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. సంగతి విని టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేనూ వస్తా. కానీ ఆడ నువ్వు మాట్లాడొద్దు. నేను మాట్లాడతా."

"ఎందుకు మాట్లాడకూడదు? సీలేసింది నేను."

"అందుకే."

ఆమె పటకారునూ సీసపు బిళ్ళలనూ సంచిలో వేసుకుంది. ఎవడో దొంగ అచ్చు చేయించుకుని ఉంటాడని ఆమె అనుమానం. పక్కపక్కన పెట్టి చూస్తే దొంగ అచ్చు దాగదు. ఆ దొంగను పట్టుకుని, వాడి పేరు ఆ రెడ్డి నోటితోనే పలికించాలని బయల్దేరింది.

జమ్మలమడుగు దాకా ఆర్టీసీ బస్సులో పోయారు. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. మొయిన్ మెల్లగా అన్నాడు.

"గుల్జార్, పెద్దమనిషితో తగువెందుకు? ఏదో పొరపాటైంది, సర్ది ఇస్తామని ఒప్పుకుందాం. పిస్టన్ మనమే తెచ్చిద్దాం."

"చెయ్యని పొరపాటు ఎట్ల ఒప్పుకునేది సాజియా అబ్బా?" మొగుణ్ణి ఆమె కూతురి పేరుతోనే పిలుస్తుంది.

"ఒప్పుకుంటే పోయేదేముంది?"

ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. టికెట్టుకు చిల్లర తక్కువ ఇచ్చాడని ప్రతి కండక్టరుతోనూ కొట్లాడే మనిషి. కువైట్‌లో సేటు మీదికే లేచాడని తానే గొప్పగా చెప్పుకున్న మనిషి. ఇంత మెత్తదనం ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకు అర్థం కాలేదు. భార్య తరఫున తల వంచడం ఇంత సులువా అని ఒళ్ళు మండింది.

జమ్మలమడుగులో ఓబుళరెడ్డి కారులో ఎక్కించుకున్నాడు. మొయిన్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. వెనక సీట్లో గుల్జార్‌బీ, ఆమె సంచీ.

"ఏమప్పా మొయిన్, నువ్వున్నెప్పుడు ఇట్లాంటి కంప్లైంట్ ఒక్కటన్నా వొచ్చెనా?"

"లేదు రెడ్డన్నా."

"అదే చెప్తాండా. మగోడు లేని అంగడి ఇట్లనే ఉంటాది. నువ్వు శానా దూరంలో ఉంటివి, నీదేం తప్పులేదు."

"ఏదో చూసుకుందాం రెడ్డన్నా. మీరు కోపం చేసుకోవద్దు."

ముద్దనూరు దాకా ఇదే పాట. అంగడిని ఇన్నేళ్ళు నడిపిన మనిషి వెనక సీట్లో ఉండగానే ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు ఆ అంగడికి వైద్యం చేస్తున్నారు. గుల్జార్‌బీ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ మొయిన్ వెనక్కి తిరిగి కళ్ళతోనే వద్దన్నాడు. సీలు చూసేదాకా ఆగుదామని ఆమె పళ్ళు కొరుక్కుంది. బస్సు ఆగిపోయిన చోటు రాగానే ఓబుళరెడ్డి కారు నెమ్మది చేసి చెయ్యి చూపించాడు. రోడ్డు మీద నూనె మరక ఇంకా ఆరలేదు.

"అదో, ఆడే పోయింది నా మర్యాద."

పులివెందుల షెడ్డులో బస్సు మూతి తెరుచుకుని నిలబడి ఉంది. విప్పిన సామాను గోనెపట్టా మీద ఆరబెట్టినట్టు పరిచి ఉంది. నాగేంద్ర చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. డ్రైవర్ అబ్రార్ బస్సు వెనక చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. మొయిన్‌కు చిన్ననాటి నేస్తం అతను. ఇంటికి వస్తే కేకలు పెట్టి నవ్వించే మనిషి. ఈరోజు "సలాం భాభీ" అని గొణిగి తల దించుకున్నాడు.

నాగేంద్ర పిస్టన్ తెచ్చి చేతిలో పెట్టాడు. దాని నెత్తి మైనంలా కరిగి లోపలికి జారింది.

"డీజిల్ చిమ్మే నాజిల్ కారితే కూడా ఇట్ల అవుతాది అక్కా, అందుకని అవి ఫస్టు చూసినా. శుభ్రంగా ఉండాయి. పంపే ఎక్కువ పోసింది. నీ మింద నాకేం కోపం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తాండా."

ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడంటే ఆమెకు కోపం రాదు. పిస్టన్ పక్కన పెట్టి ఇంజన్ మీదికి వంగింది. కొంగుతో పంపు మీది మసి తుడిచింది. సీలు కనిపించింది. సంచిలోంచి పటకారు తీసి, కొత్త బిళ్ళ ఒకటి నొక్కి, పక్కన పెట్టి చూసింది.

అదే అచ్చు. 'మొ' తోక దగ్గర చిన్న గాటు కూడా అదే. దొంగ అచ్చు కాదు.

నిజంగానే చెయ్యి తప్పిందా? తర్వాత ఆమె చూపు తీగ మీద పడింది.

మొయిన్ నేర్పినప్పుడు తీగ ఒకే చుట్టు చుట్టి, మిగిలిన కొసను బిళ్ళ అంచున కత్తిరించేవాడు. ఇలాంటి పాత బస్సుల అదురుకు ఆ ఒంటి చుట్టు అరిగి తెగిపోవడం చూసి, ఆమె ఎప్పుడో పద్ధతి మార్చుకుంది. రెండు చుట్లు చుట్టి, కొసను వెనక్కి మడిచి సీసం కిందే నొక్కేస్తుంది. ఈ పంపు మీద ఉన్నది ఒంటి చుట్టు. కొస బిళ్ళ అంచున కత్తిరించి ఉంది.

అచ్చు ఇంట్లోది. చెయ్యి తనది కాదు. ఆ అచ్చు పట్టుకుని ఆ పాత పద్ధతిలో చుట్టేవాడు లోకంలో ఒక్కడే. అతను ఈ క్షణాన షెడ్డు గోడ మీది టైర్ల కంపెనీ క్యాలెండర్‌ను శ్రద్ధగా చదువుతున్నాడు.

తాను అక్క కూతురి పురిటికని చెన్నూరు పోయిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. తిరిగి వచ్చేసరికి పటకారు ఎప్పుడూ తగిలించే మేకుకు కాకుండా బల్ల మీద ఉంది. పొద్దున్నుంచీ ఒప్పుకుందాం ఒప్పుకుందాం అన్న మాటలు గుర్తొచ్చాయి. తల వంచడం ఎందుకంత సులువైందో ఇప్పుడు తెలిసింది. వంచింది అతని తల కాదు, ఆమెది.

"ఏమ్మా, చూసినావు గదా. నీ సీలేనా?" అన్నాడు ఓబుళరెడ్డి.

మొయిన్ దగ్గరికి వచ్చి, పెదవులు కదలకుండా అన్నాడు. "ఇజ్జత్ పోతాది గుల్జార్. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

ఎవరి పరువు? కారులో ముద్దనూరు దాకా ముక్కలు ముక్కలుగా కోసి పంచిపెట్టింది ఎవరి ఇజ్జత్‌ను? ఆమె ఓబుళరెడ్డి వైపు తిరిగింది.

"అచ్చు మా అంగడిదే రెడ్డన్నా. సీలు మాత్రం నేనెయ్యలే."

"అదేం మాట? నువ్వెయ్యకపోతే..." ఓబుళరెడ్డి చటుక్కున డ్రైవర్ వైపు తిరిగాడు. "ఏరా అబ్రార్! నువ్వు తెంపినావురా సీలు? దొంగతనంగా ఏయించినావురా? బస్సును నీకిచ్చి నేను..."

అబ్రార్ నోరు తెరిచాడు. మొయిన్ వైపు చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు. మొయిన్ పలకలేదు. గుల్జార్‌బీ ఒక నిమిషం ఆగింది. అతనికి ఇవ్వగలిగింది ఆ ఒక్క నిమిషమే. చిన్ననాటి నేస్తాన్ని తిడుతున్నా, పెళ్ళాన్ని తిడుతున్నా నోరు విప్పని మనిషిని ఆమె అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"సాజియా అబ్బా, చెప్పు. సీలు ఎవురేసినారో నువ్వే చెప్పు. నేను చెప్తే నీకు బాగుండదు."

షెడ్డులో అందరూ మొయిన్ వైపు తిరిగారు. అతని మెడ ఎర్రబడింది. తప్పించుకునే దారి లేదని తెలిశాక మగవాడికి వచ్చే కోపం వచ్చింది.

"నేనేసినా! ఐతే ఏంది? అబ్రార్ వచ్చి బండి ఎత్తు లాగడం లేదన్నాడు. నేస్తుడు అడిగితే కొంచెం పెంచినా. అంగడి నాది. అచ్చు నాది. నా అంగట్లో నేను సీలేస్తే తప్పేంది?"

"మిషన్ మీద ఎక్కించినావా?"

"చెవితో ఇంటే తెలీదా? నీకు పని నేర్పింది ఎవురు?"

"నువ్వే నేర్పినావు. మిషన్ ఎక్కించకుండా సీలెయ్యొద్దని నేర్పింది కూడా నువ్వే." గుల్జార్‌బీ గొంతు పెరిగింది. షెడ్డు బయట టీ తాగుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "అంగడి నీదే, కాదన్లేదు. పెంచింది నువ్వు, పొగ చూసి మురిసింది నీ నేస్తుడు. తిట్లు మాత్రం పొద్దున్నుంచి నేను తింటి. నా ఎదురుగా ఆయన నన్ను అంటాంటే, అవునవునని తలూపితివి గదా! ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, నాది తప్పు అనలేకపోతివి గదా!"

ఓబుళరెడ్డి దగ్గాడు. కారులో తాను అన్న మాటలు గుర్తొచ్చాయో ఏమో, ఎండ ఎక్కువగా ఉందని నాగేంద్రతో చెప్పాడు. అబ్రార్ ముందుకొచ్చి "తప్పు నాదే భాభీ, నేనే అడిగినా" అన్నాడు. అడిగినవాడు ఒప్పుకున్నాడు. చేసినవాడు ఇంకా కాదు.

ఆమె పటకారు తీసి మొయిన్ చేతిలో పెట్టింది.

"నీ అచ్చు నువ్వు పెట్టుకో."

తర్వాత నాగేంద్ర చేత పంపు విప్పించి, గోనెసంచిలో చుట్టించి, ఓబుళరెడ్డి కారు డిక్కీలో వేయించింది. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో తానే కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. ఎవరూ వద్దనలేదు.

ప్రొద్దుటూరు బంగారు బజారులో నగల మీద పేర్లు చెక్కే ఆచారి ఒకాయన ఉన్నాడు. మరుసటి రోజు గుల్జార్‌బీ కొత్త పటకారు తీసుకుని ఆయన దగ్గరికి పోయింది. వడ్డాణాలకు, ఉంగరాలకు తప్ప ఇనుముకు ఉలి పెట్టనని ఆచారి ముందు బెట్టు చేశాడు. ఆమె కదలకుండా కూర్చుంటే విసిగిపోయి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఏ అక్షరం? మొయిన్‌దే గదా?"

"కాదు. 'గు' చెక్కు."

ఆచారి కళ్ళద్దాల మీదుగా ఒకసారి చూశాడు. అడగాలనుకున్నది అడక్కుండానే పని మొదలుపెట్టాడు.

ఆ వారమంతా ఇంట్లో మాటలు తక్కువ. పిస్టన్ సామాను మొయినే కొని పులివెందులకు మోసుకుపోయాడు. నాగేంద్ర దగ్గర నిలబడి బిగించడంలో చెయ్యి కలిపాడని అబ్రార్ వచ్చి చెప్పాడు. గుల్జార్‌బీ విని ఊరుకుంది. అతను నోటితో చెప్పాల్సిన మాట సామానుతో చెప్తే ఆమె ఎందుకు వింటుంది?

పంపు తీసుకుపోవడానికి ఓబుళరెడ్డి తానే అంగడికి వచ్చాడు. ఆమె గాజు గొట్టాలు చూపించింది. డీజిల్ అన్నింటిలో ఒకే గీత దగ్గర నిలబడి ఉంది. మొయిన్ గడప దగ్గర పాత నాజిళ్ళు కడుగుతున్నాడు. ఆమె తీగ తీసి మరకు చుట్టడం మొదలుపెట్టింది.

ఓబుళరెడ్డి అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగాడు. గొంతు బెల్లం పాకమైంది.

"అమ్మా, నీ పని మంచిదని నాకు ముందునుంచీ తెలుసు. ఆ పొద్దు కోపంలో ఏదో అంటి, మనసులో పెట్టుకోవద్దు. ఇంగ ఒక్క మాట. ఎట్లా సీలేస్తాండావు గదా... ఎత్తు కాడ మరీ ముక్కుతాంది బండి. ఎవురికీ తెలీకుండా ఒక్క రవ్వ పెంచరాదూ?"

గుల్జార్‌బీ చెయ్యి ఆగిపోయింది. కరిగిన పిస్టన్, తుమ్మచెట్ల కింది ముసలివాళ్ళు, అరటి జిగురు, ముద్దనూరు దాకా తిట్లు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చి, ఏది ముందు అనాలా అని ఆమె వెతుక్కుంటోంది.

గడప దగ్గర నాజిల్ కడుగుతున్న చప్పుడు ఆగింది.

"ఆమె పెంచదు రెడ్డన్నా," అన్నాడు మొయిన్. తల ఎత్తలేదు. గొంతు మాత్రం అంగడంతా వినబడింది. "నేను పెంచితే ఏమైందో చూస్తిమి గదా. తప్పు నాది. ఆమె పెంచదు. మీరు అడగొద్దు."

ఓబుళరెడ్డి నిటారుగా లేచి నిలబడ్డాడు. గుల్జార్‌బీ మొగుడి వైపు చూడలేదు. చూస్తే కోపం కాస్తయినా జారిపోతుందని ఆమెకు తెలుసు. దాన్ని అప్పుడే వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు. తీగను రెండో చుట్టు తిప్పి, కొసను మడిచి సీసం కింద పెట్టి, కొత్త పటకారుతో నొక్కింది.